బట్లరువారి ఎస్టేటు — వారసు లెవరు?

అమెరికా దక్షిణ రాష్ట్రముల ఎస్టేటులనగానే మనలో చదువుకొన్నవారి కనేకులకు మార్గరెట్ మిచెల్ 1936లో ప్రకటించిన ‘గాన్ విత్ ది విండ్’ నవలయు, దానినిబట్టి 1939లో తీసిన చలనచిత్రమును జ్ఞప్తికి వచ్చును. తెల్లని స్తంభముల మేడ, విందులు, పట్టుదుస్తుల దొరసానులు, చివరకు యుద్ధములో నంతయు బూడిదయగుట — ఇదియే ఆ జీవితమను భావము లోకములో వ్యాపించినది. పొలము మేడవెనుక ఒక తెరవలె కనబడునేగాని, ఆ పొలములో నెవరు నీరు కట్టిరో, ఎవరు గట్టు వేసిరో, వారి కేమిమిగిలెనో తెలియరాదు. చిత్రమును ప్రక్కకుబెట్టి, జార్జియా రాష్ట్రమునందలి యొక్క ఎస్టేటును దాని కాగితములనుబట్టి పరిశీలించినచో సంగతి వేఱుగ గోచరించును. రాజ్యాంగమునందలి యొక వాక్యము, ఒక వీలునామా, ఒక దినచర్య, ఒక వేలపు జాబితా, ఒక పాలుకౌలు కరారు — బట్లరువారి ఐదుతరముల చరిత్ర యింతలో నిమిడియున్నది.

మూలపురుషుడు

పియర్సు బట్లరు 1744లో ఐర్లండులోని కార్లో జిల్లాలో ఒక బారొనెట్టునకు మూడవకుమారుడుగ జన్మించెను. బిరుదమును భూమియు జ్యేష్ఠునికే చెందు దేశాచారమువలన, ఇతడు సైన్యమున జేరి బ్రిటిషు మేజరుగ అమెరికాకు వచ్చెను. 1771లో దక్షిణ కరోలినాయందు సంపన్నమైన మిడిల్టన్ కుటుంబపు ఆస్తికి వారసురాలగు మేరీని వివాహమాడి, రెండేండ్లకు సేనలోని యుద్యోగమును విక్రయించి భూస్వామి యయ్యెను. స్వాతంత్ర్యయుద్ధమున రాజపక్షమును విడిచి వలసలవారితో గలసెను. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగమును వ్రాసిన సభకు దక్షిణ కరోలినా పక్షమున ప్రతినిధిగ బోయెను.

ఆ సభలో ఇతడు చేసిన పనిని న్యాయవాదులు ప్రత్యేకముగ గమనింపవలెను. ఒక రాష్ట్రములో చాకిరికి కట్టుబడిన వ్యక్తి మఱియొక రాష్ట్రమునకు బాఱిపోయినచో, అచ్చటి చట్టము వానిని విముక్తుని జేయజాలదనియు, హక్కుదారుడు కోరినంతనే అప్పగింపవలెననియు ఆ యేడు ఆగస్టునెలలో బట్లరు ప్రతిపాదించెను. ఒక్క వ్యతిరేకపు వోటైనను లేకుండ అది యంగీకృతమై, నాలుగవ ప్రకరణములో జేరెను. ఆ వాక్యమున ‘బానిస’ అను మాటయే లేదు. ముసాయిదా వ్రాయుటలో నింతటి నేర్పు అరుదు. మాట లేకున్నను మనిషి మాత్రము చిక్కుకొనెను. 1865 డిసెంబరులో పదమూడవ సవరణము బానిసత్వమును రద్దుచేసినదాక ఆ వాక్యము ప్రాణముతో నుండెను. నేడును రాజ్యాంగప్రతులలో అది యచ్చునందు గనబడుచునే యున్నది; దానికి బలము మాత్రము లేదు.

ఈ సందర్భమున మన దేశపు శాసనము నొకదానిని జ్ఞప్తికి దెచ్చుకొనవచ్చును. 1843 సంవత్సరపు 5వ చట్టముచేత ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము, మనుష్యునిపై ఆస్తిహక్కు గలదను వాదమును ఏ న్యాయస్థానమును మన్నింపరాదని శాసించెను. స్వేచ్ఛకొఱకు పోరి స్వతంత్రమైన దేశమున న్యాయస్థానము బానిసను బట్టియిచ్చుచుండగా, పరపాలనలోనున్న దేశమున న్యాయస్థానము ఆ దావాను త్రోసివేయవలసి యుండెను. చట్టము మారినంతనే బ్రతుకు మారెనా యను ప్రశ్న వేఱు. దానిని తుదకు విచారింతము.

వరిదీవి

జార్జియా సముద్రతీరమున ఆల్టమహా నది కడలిలో గలియుచోట, డేరియన్ అను చిన్నపట్టణము కలదు. దాని సమీపమున బట్లరుకు రెండు ముఖ్యమైన స్థలము లుండెను. సెయింటు సైమన్సు ద్వీపముననున్న హాంప్టనులో పొడవైన పింజగల సముద్రద్వీపపు ప్రత్తి పండెడిది. నదీముఖముననున్న బట్లరు దీవిలో వరి పండెడిది.

గోదావరీ కృష్ణా డెల్టాలలో బుట్టిపెరిగిన పాఠకులకు ఈ వరిసాగు సులభముగ బోధపడును. సముద్రపు పోటు వచ్చినపుడు బరువైన ఉప్పునీరు నదీముఖమున నిలిచి, పైనున్న మంచినీటిని వెనుకకు నెట్టును, నదిమట్టము పెరుగును. ఆవేళకు గట్టులలోని కొయ్యతూములను దెరచినచో మంచినీరు మళ్ళలోనికి దానంతట పాఱును. ఆటువేళకు దెరచినచో నీరు నదిలోనికి దిగిపోవును. ఏతము లేదు, ఆనకట్ట లేదు. కాని దీవిచుట్టును గట్టు వేయవలెను, అడవిని నఱకవలెను, కాలువలు త్రవ్వవలెను, బురదలో నడుములోతున నిలిచి తూములు నిలుపవలెను. ఇదంతయు బానిసల చేతిపనియే. అంతేకాదు, పశ్చిమాఫ్రికా తీరమున తరతరములుగ వరి పండించిన జాతుల పనితనము ఆ దక్షిణపు మళ్ళలో గలదని చరిత్రకారులు చెప్పుచున్నారు. బియ్యము చెఱగు చేటబుట్టలును, అచ్చటి నల్లవారి ‘గల్లా–గీచీ’ భాషయు అందులకు సాక్ష్యములు. దొర భూమిని కొనెను. సేద్యపు విద్య మాత్రము బానిసతో వచ్చెను.

ప్రతివానికిని దినమున కింతయని కొలిచి పని యప్పగించుట ఆ తీరపు పద్ధతి. పని ముగిసినవాడు తన పెరటిలో కూరలు వేసికొనవచ్చును, కోళ్ళు పెంచుకొనవచ్చును. ముగియనివానికి కొరడా. యజమాని యుండునది ఫిలడెల్ఫియా నగరమున. ఎస్టేటును నడపినవారు రాజ్వెలు కింగు అను మేనేజరును, అతని తరువాత అదే పేరుగల అతని కుమారుడును. యజమాని దూరమున కూర్చుండి లెక్కలు చూచుట, మేనేజరు ధాన్యపు దిగుబడిచూపి మెప్పు బడయుట — ఈ యేర్పాటు మన ప్రాంతముల పట్టణవాసులగు భూస్వాములకు క్రొత్తదికాదు. లెక్కలలో ఎన్ని బస్తాలో తెలియును. ఎన్ని దెబ్బలో తెలియదు.

బానిసలు తృప్తితో నుండిరను వాదమునకు 1815లోనే జవాబు వచ్చెను. బ్రిటిషు నావికులు యుద్ధసందర్భమున సెయింటు సైమన్సు నాక్రమించి, తమతో వచ్చువారికి స్వేచ్ఛ నిత్తుమనగా, బట్లరు బానిసలలో నూటికిపైగా జనులు ఓడలెక్కిపోయిరి. తిరిగి రమ్మని యజమాని పక్షమున చేసిన బోధలు వారి చెవి కెక్కలేదు.

వీలునామా, దినచర్య

మేజరు బట్లరు 1822లో మరణించెను. కన్నకుమారుని గాదని, కుమార్తెయగు సారా బిడ్డలకు ఆస్తి చెందునట్లు వీలునామా వ్రాసెను. వారు తండ్రియగు డాక్టరు మీజు ఇంటిపేరును విడిచి బట్లరు పేరు ధరింపవలెననునది షరతు. ఇట్లు పియర్సు, జాను అను అన్నదమ్ములు బట్లరులై, దీవికిని ప్రత్తిపొలమునకును సుమారు 700 మంది మనుష్యులకును యజమానులైరి. ఆ జనులలో నొకరికైనను పేరు మార్చుకొనుటకుగాని నిలుపుకొనుటకుగాని హక్కు లేదు.

చిన్న పియర్సు 1834లో ఫానీ కెంబుల్ అను ఇంగ్లీషు నటీమణిని వివాహమాడెను. ఆమె లండను రంగస్థలమున ప్రసిద్ధిగాంచిన కుటుంబములోనిది. 1838 డిసెంబరులో భర్తతోను ఇద్దరు పసిబిడ్డలతోను జార్జియాకు వచ్చి, మఱుసటి వసంతమువఱకు నచ్చట నుండెను. ఆ నాలుగు మాసములలో జూచినదంతయు దినచర్యగ వ్రాసికొనెను.

ఆ దినచర్యలో నాకు మిక్కిలి విలువగలవిగా దోచినవి ఆమె యావేశవాక్యములు కావు. ఆమె వ్రాసికొన్న లెక్కలు. తన్ను జూడవచ్చిన స్త్రీల పేళ్లును, ఒక్కొక్కరు కన్న బిడ్డల సంఖ్యయు, పోయిన బిడ్డల సంఖ్యయు ఆమె వరుసగ వ్రాసెను. లియా అను నామె కార్గురు పుట్టి ముగ్గురు పోయిరి. సోఫీ అను నామెకు పదుగురు పుట్టి ఐదుగురు పోయిరి. ప్రసవమైన మూడువారములకే పలుగు పారలతో పొలమునకు బోవలసియుండెను. దానిని నెలదినములు జేయింపుమని గర్భవతు లామెను బ్రతిమాలిరి. అధికముగ గోరిన దొక్కవారము. ఆ యొక్కవారమునకై యజమాని భార్య భర్తను ప్రార్థింపవలసివచ్చెను; కొంతకాలమునకు అతడు అట్టి విన్నపములను తనకు దేవద్దని చెప్పెను. ఒక కుఱ్ఱవానికి ఆమె చదువు చెప్పసాగెను. బానిసకు చదువు నేర్పుట జార్జియా చట్టమున నేరము. నేరము తెలిసియే చేసెను.

దంపతుల కభిప్రాయభేదము ముదిరి 1849లో విడాకులయ్యెను. నాటి న్యాయమునుబట్టి బిడ్డలు తండ్రిపాలైరి. దినచర్య పెట్టెలోనే యుండెను. 1861లో అంతర్యుద్ధము ప్రారంభమై, దక్షిణపు ప్రత్తి యాగిపోయి, లాంకషైరు మిల్లులు మూతపడి, ఇంగ్లండులో దక్షిణ పక్షమునకు సానుభూతి పెరిగినపుడు, 1863లో ఆమె దానిని గ్రంథముగ ప్రకటించెను. ఆ యుద్ధపు సంవత్సరములలోనే మన దేశపు ప్రత్తికి ధర మిన్నంటి, యుద్ధము ముగియగానే పడిపోయినదని పాఠకులెఱుగుదురు. బళ్ళారి నల్లరేగడి రైతు చేతికి వచ్చి పోయిన రూపాయికిని, ఆల్టమహా నదీతీరపు బానిస విముక్తికిని ఒకే యుద్ధము కారణము.

సవన్నా వేలము

గ్రంథ మచ్చుపడుటకు నాలుగేండ్లు ముందే ఎస్టేటు విరిగిపోయెను. పియర్సు బట్లరు జూదములోను వాటాల వ్యాపారములోను అప్పులపాలై, 1857 ఆర్థికసంక్షోభముతో దిగజారిపోయెను. ధర్మకర్తలు అతని యాస్తిని జక్కబెట్టవచ్చిరి. భూమి యమ్మరాదు, మేడ యప్పటికే యమ్ముడుపోయెను. మిగిలినది మనుష్యులు. అన్నదమ్ముల భాగములు పంచగా పియర్సు వంతునకు వచ్చినవారిలో 436 మందిని సంఖ్యలువేసి, పేరు, వయస్సు, పనితనము వ్రాసి, జాబితా యచ్చువేయించిరి.

1859 మార్చి 2, 3 తేదీలలో సవన్నా నగరము వెలుపల గుఱ్ఱపుపందెముల మైదానమున వేలము జరిగెను. గుఱ్ఱములు కట్టు పాకలలో ఆ జనులను దినములతరబడి నుంచిరి. కొనవచ్చినవారు పండ్లు చూచిరి, చేతులు వంచి చూచిరి. రెండుదినములును వాన కురిసెను. 429 మంది యమ్ముడుపోగా 3,03,850 డాలర్లు వచ్చెను. తలకు సుమారు 708 డాలర్లు. విలియం అను వడ్రంగి 1,750 డాలర్లకు, తల నెరసిన ఆన్సన్, వయొలెట్ అను దంపతులు తలకు 250 డాలర్లకు బోయిరి. డాఫ్నీ అను నామె పదునైదుదినముల పసికందుతో దుప్పటి గప్పుకొని నిలువబడగా, దుప్పటి తీయుమని కొనువారు కేకలువేసిరి.

షరతులను గమనింపుడు. మూడవవంతు రొక్కము, తక్కినది రెండేండ్ల వాయిదాలు, వడ్డీతో. బాకీ తీఱువఱకు కొన్న మనుష్యులే తాకట్టు. అనగా అమ్ముడుపోయినవాడు క్రొత్తయజమాని యప్పునకు పూచీగ నిలువవలెను. కుటుంబములను విడదీయరాదని మఱియొక షరతు కలదు. ఆ షరతు ఎట్లు పనిచేసినదో జెఫ్రీ, డార్కస్ అను వారి కథవలన దెలియును. జెఫ్రీ యిరువదిమూడేండ్ల ప్రత్తికూలి. డార్కస్‌ను వివాహమాడ నిశ్చయించుకొన్నవాడు. తన్ను కొన్న దొర కాళ్ళపైబడి, ఆమెను గూడ గొనుమని వేడుకొనెను. దొరయు సమ్మతించెను. కాని డార్కస్ నలుగురు గల కుటుంబముతో జేర్చి అమ్మబడవలసిన దని తేలెను. ఒక్కతెను కొనుటకు వీలులేదు. నలుగురిని కొనుటకు దొరకు ఇష్టములేదు. పెండ్లికాని జంట కుటుంబము గాదు గనుక, కుటుంబమును రక్షించు షరతే వారిని విడదీసెను. అవ్వలు, తాతలు, పెద్దలైన యన్నదమ్ములు గూడ ఇట్లే చెదరిపోయిరి. చట్టము నక్షరమున బాలించుటలో నింతటి క్రౌర్య మిముడునని న్యాయవాదు లెఱుగవలసినదే.

ఈ సంగతులన్నియు మనకు దెలియుటకు కారణము మార్టిమర్ థామ్సన్ అను పత్రికావిలేఖరి. న్యూయార్కు ట్రిబ్యూను పత్రిక పక్షమున నతడు కొనుగోలుదారునివలె నటించి, జాబితా చేతబట్టి, ధరలడుగుచు రెండుదినములు దిరిగి, వారము దిరుగకముందే వృత్తాంతమును బ్రకటించెను. జెఫ్రీ, డార్కస్, డాఫ్నీ అను పేళ్లు నేటికి నిలిచినవన్న నది పత్రిక చేసిన పని.

వేలము ముగిసిన పిమ్మట పియర్సు బట్లరు తాను విక్రయించినవారికి తలకొక డాలరు చొప్పున, క్రొత్త పావలానాణెములుగ బంచిపెట్టెను. ఆ వేలమునకు ‘కన్నీటికాలము’ అని పేరు నిలిచెను. అమెరికాలో జరిగిన బానిసవేలములలో నిదియే పెద్దదని చిరకాలము చెప్పుకొనిరి. 1835లో చార్లెస్టనునందు 600 మందిని అమ్మజూపిన ప్రకటన 2023లో వెలికివచ్చినది. మొదటిస్థానము తప్పినంతమాత్రమున దాని బరువు తగ్గలేదు.

యుద్ధానంతరము

1865 జనవరిలో సేనాపతి షెర్మను తన 15వ నంబరు ఉత్తరువుచేత ఈ తీరపు ద్వీపములను, విడిచిన వరిపొలములను విముక్తులైన కుటుంబములకు నలుబది యకరములకు మించకుండ బంచవలెనని యాజ్ఞాపించెను. ఆ యేడే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సను మాజీ యజమానులకు క్షమాపణము నొసగి, భూమి నెక్కువగ వారికే మరలించెను. 1866లో పియర్సు బట్లరును, చిన్నకుమార్తె ఫ్రాన్సెసును దీవికి దిరిగివచ్చిరి. వెనుకటి జనులలో ననేకులు, వేలములో అమ్ముడుపోయినవారిలో గూడ కొందరు, ఆ మట్టిని వెదకుకొనుచు వచ్చిరి. పంటలో సగము పాలుగ సాగు మొదలయ్యెను. మఱుసటియేడు బట్లరు మలేరియాతో అచ్చటనే మరణింపగా కుమార్తె బాధ్యత వహించెను.

ఆమె 1883లో ప్రకటించిన గ్రంథమునందు, యజమాని కోళ్ళ నమ్మగా వచ్చిన అయిదు డాలర్లను మూడేండ్లు దాచియుంచి యజమానికి దెచ్చియిచ్చిన వృద్ధదంపతుల కథ కలదు. దానిని ఆమె విశ్వాసమునకు దృష్టాంతముగ వ్రాసెను. అదే గ్రంథమున మఱియొక సంగతియు గలదు. కరారులపై సంతకము పెట్టించుటకు ఆమె ఆఱుగంటలసేపు కుర్చీ విడువక కూర్చుండవలసి వచ్చెను. వచ్చిన ప్రతివాడును తన యాక్షేపణలను, వివరణలను, వాదములను వినిపించెనట. ఆమెకది విసుగు గలిగించినది. నాకుమాత్రము ఆ గ్రంథములోని మహాఘట్ట మదియే. కొన్నేండ్లు ముందు జాబితాలో సంఖ్యలుగ నున్నవారు ఇప్పుడు కరారులో రెండవ పక్షమువారై, షరతు షరతుకు వాదించిరి.

ఫ్రాన్సెసు 1871లో ఇంగ్లీషు మతాచార్యుడగు జేమ్సు లీని వివాహమాడెను. నల్లవారు మాట వినకున్నారని ఇంగ్లండునుండి కూలీలను దెప్పించిరి. ఆ ప్రయత్నము విఫలమయ్యెను. 1876లో లీ డేరియనులో నల్లవారికై సెయింటు సిప్రియన్ దేవాలయమును గట్టించెను. అది నేటికిని నిలిచియున్నది. పెద్దకుమార్తె సారా తల్లివలె ఉత్తరపక్షమున నుండెను. ఆమె కుమారుడే ‘ది వర్జీనియన్’ అను నవలను 1902లో వ్రాసిన ఓవెన్ విస్టరు. ఒక యింటనే బానిసత్వమును ఖండించిన గ్రంథమును, దానిని సమర్థించిన గ్రంథమును బుట్టినవి. రెండును పొలమును చూచినవారి వ్రాతలే.

వారసత్వము

దాస్యశ్రమ పోవుటచేతను, తుపానులచేతను, పడమటి రాష్ట్రముల పోటీచేతను ఆ తీరమున వరి నశించెను. ఇరువదవ శతాబ్దమున దీవి బట్లరువారి చేతులు దాటి, పలువురు యజమానులు మారి, 1954లో జార్జియా ప్రభుత్వపరమయ్యెను. నేడు రాజమార్గముప్రక్క వరిమిల్లు ఇటుకగొట్టము నిలిచియున్నది. బానిసలు వేసిన గట్టులమధ్య నీరు నిలిపి, వలసవచ్చు బాతులకు ఆశ్రయము గల్పించుచున్నారు. సవన్నాలో వేలపుతావుకడ 2008లో స్మారకఫలకమును స్థాపించిరి. 2006లో అమెరికా కాంగ్రెసు గల్లా–గీచీ సంస్కృతికి రక్షిత ప్రాంతము నేర్పఱచినది. చెదరిన కుటుంబముల సంతతివారు ఆ వేలపు జాబితానే చేతబట్టి పూర్వికులను వెదకుకొనుచున్నారు. అమ్మకమునకై వ్రాసిన కాగితము వంశవృక్షమునకు ఆధారమైనది.

ఈ ఎస్టేటునకు వారసు లెవరు? న్యాయస్థానమును అడిగినచో వీలునామాను జూపి మీజువారి బిడ్డలను పేర్కొనును. కాని వీలునామావలన సంక్రమించిన భూమి వారికి మిగులలేదు, సొమ్ము మిగులలేదు. మిగిలినవి గట్టులు, సాగువిద్య, భాష, పేళ్లు. అవి యెవరివో వారే వారసులు. హక్కుపత్ర మొక్కటి లేకున్నను వారి దావాకు సాక్ష్యము దీవిచుట్టు నిలిచియున్నది.

మన 1843 చట్టమును గూర్చి తుదకు విచారింతమంటిని. ఆ చట్టము వచ్చిన పిమ్మటను అప్పుక్రింద పాలేరుతనము తరముదాటి తరమునకు సంక్రమించుచునే యుండెను. తెలంగాణమున వెట్టి సాగుచునే యుండెను. వెట్టిచాకిరిని రద్దుచేయుటకు 1976లో వేఱుగ నొక చట్టము గావలసివచ్చినది. పట్టణములలో నుద్యోగము చేయుచు, పూర్వికుల భూమిని గూర్చి చెప్పుకొను కుటుంబములు మనలో గొల్లలు. వారి పెట్టెలలో పట్టాలు, తాకట్టుపత్రములు, పాలేళ్ళ నోట్లు, కౌలు ముచ్చలికాలు ఇంకను గలవు. వంశచరిత్రలు వ్రాయించుటయు నిపుడు వేడుకయైనది. అట్టి చరిత్ర వ్రాయబూనినవారు పట్టాలోని పేళ్లతో ఆగక, ఆ నోట్లలో వేలిముద్రలు వేసినవారి పేళ్లను గూడ ఎత్తి వ్రాయవలెనని నా మనవి. ఫానీ కెంబుల్ నాలుగునెలలలో చేసినపనిని మనవారు నాలుగుతరములకైనను జేయవచ్చును. ఆ నోట్లు చెదలుపట్టకముందే చేయుట మేలు.